పదిమందిలో నోరు పెగలట్లేదు.. మాత్ర వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 27. అనంతపురం జిల్లాలో వ్యవసాయ సహాయకురాలిగా పనిచేస్తున్నాను. రైతులతో విడిగా ఎంతసేపైనా మాట్లాడతాను. అదే 20 మంది కూర్చుని నా వైపు చూస్తే గుండె దడ, నోరు ఎండిపోవడం, గొంతు వణకడం. మొన్న మా మండల వ్యవసాయాధికారి ముందు విత్తనశుద్ధి గురించి చెప్తూ మధ్యలో అంతా మర్చిపోయి కూర్చుండిపోయాను. అప్పటి నుంచి ఏదో ఒక సాకు చెప్పి తోటి ఉద్యోగితో మాట్లాడిస్తున్నాను. అద్దం ముందు ప్రాక్టీస్ చేశాను, లాభం లేదు. ప్రొప్రనలాల్ మాత్ర వేసుకుంటే టెన్షన్ ఉండదని ఒక ఫ్రెండ్ చెప్పింది. దుమ్ము పడితే నాకు పిల్లికూతలు వస్తాయి, ఇన్‌హేలర్ వాడతాను. ఆ మాత్ర వేసుకోవచ్చా? ప్రాక్టీస్‌తో ఇది నిజంగా తగ్గుతుందా?

జవాబు: ముందు ఆ మాత్ర సంగతి. వేసుకోకండి. ఉత్తరం చివర్లో మీరు ఊరికే అన్నట్టు రాసిన పిల్లికూతల మాటే నాకు అన్నిటికన్నా ముఖ్యంగా కనిపించింది. ప్రొప్రనలాల్ గుండె వేగాన్ని, చేతుల వణుకును తగ్గించే మాట నిజమే, స్టేజి భయానికి డాక్టర్లు కొందరికి రాసే మాటా నిజమే, కానీ ఆస్తమా ఉన్నవాళ్లలో అది ఊపిరితిత్తుల గొట్టాలను బిగించేస్తుంది, పైగా అలాంటప్పుడు మీ ఇన్‌హేలర్ కూడా సరిగ్గా పనిచేయకపోవచ్చు. మీ ఫ్రెండ్‌కు పడిందని మీకు పడాలని లేదు. మెడికల్ షాపులో అడిగితే ఇస్తారేమో, అది వేరే విషయం. ఆందోళన తగ్గడానికి వాడే అల్‌ప్రజోలామ్ లాంటి మాత్రలు కూడా మీ అంతట మీరు మొదలుపెట్టకండి. మత్తుగా ఉంటుంది, చెప్పాల్సింది గుర్తు రాదు, కొన్నాళ్లకు అలవాటైపోయి అది లేకుండా గడప దాటలేని పరిస్థితి వస్తుంది.

ఇంకో అనుమానం. మీరు వాడేది సాల్‌బ్యుటమాల్ ఇన్‌హేలర్ అయితే, మీటింగ్‌కు ముందు రెండు పఫ్‌లు తీసుకుంటే దానివల్లే కాసేపు దడ, చేతుల వణుకు రావచ్చు. దాన్ని మీరు భయం అనుకుంటున్నారేమో ఒకసారి గమనించండి. అలాగని ఆయాసం వచ్చినప్పుడు మానేయొద్దు. ఖాళీ కడుపుతో స్ట్రాంగ్ కాఫీ తాగి వెళ్లే అలవాటుంటే అది మాత్రం మానేయండి. ఇంట్లో ఊరికే కూర్చున్నప్పుడు కూడా దడగా ఉండటం, బరువు తగ్గిపోవడం, నెలసరిలో ఎక్కువ రక్తం పోవడం లాంటివి ఉంటే థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు చేయించుకోండి. జనం ముందు మాత్రమే వస్తోందంటే చాలావరకు ఇది భయమే.

ఈ భయంలో జరిగేదేమిటంటే, 20 జతల కళ్లు మీ మీద పడగానే మెదడు దాన్ని ఆపద కింద లెక్కేసి అడ్రినలిన్‌ను వదులుతుంది. గుండె వేగం పెరుగుతుంది, నోట్లో తడి ఆరుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, గొంతువి కూడా. మీరు అక్కడే నిలబడి మాట్లాడుతూ ఉంటే అది కాసేపటికి దానంతట అదే దిగుతుంది. కానీ మీరు దిగేదాకా ఆగలేదు, కూర్చుండిపోయారు. కూర్చోగానే ప్రాణం హాయిగా అనిపించింది కదా, ఆ హాయే అసలు చిక్కు. తప్పించుకుంటేనే క్షేమం అని మెదడు నేర్చేసుకుంది, మీ తోటి ఉద్యోగి మీ బదులు మాట్లాడిన ప్రతిసారీ ఆ పాఠాన్నే మళ్లీ చదువుతోంది. ఆయన మంచి మనసుతోనే చేస్తున్నారు, కానీ ఇక వద్దని చెప్పండి.

అద్దం ఎందుకు పనిచేయలేదంటారా? అద్దంలో మిమ్మల్ని మీరే చూసుకుంటారు. మీకున్న ఇబ్బందే అది, అక్కడ జనం ముందు కూడా మీ ధ్యాసంతా మీ గొంతు మీద, మీ చేతుల మీద ఉంటోంది. మన లోపలి కంగారు ఎదుటివాళ్లకు బాగా కనిపించిపోతోందని మనం ఊహించుకుంటాం గానీ నిజానికి అంత కనిపించదు. సావిట్‌స్కీ, గిలోవిచ్ అనే ఇద్దరు మనస్తత్వవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధనలో, ఈ ఒక్క సంగతి ముందే చెప్పి పంపినవాళ్లు మిగతావాళ్లకంటే బాగా మాట్లాడారు. కావాలంటే ఫోన్‌లో మీరు మాట్లాడేది వీడియో తీయించుకోండి. చూసే ముందే ‘నా గొంతు ఇంత వణికి ఉంటుంది’ అని పదికి ఒక మార్కు వేసుకుని, ఆ తర్వాత ఎవరో పరాయి మనిషిని చూస్తున్నట్టు చూడండి.

ఇక ప్రాక్టీస్ అంటే బట్టీ కొట్టడం కాదు. బట్టీ పట్టినవాళ్లకు మధ్యలో ఒక మాట జారితే మొత్తం పోతుంది, మీకు జరిగింది కూడా అదే అయ్యుండొచ్చు. దడ తగ్గాక మాట్లాడదాం అని కూడా అనుకోకండి, దడ ఉండగానే మాట్లాడటమే ప్రాక్టీస్. ముందు ఇంట్లోవాళ్ల ముందు నిలబడి, పైకి వినపడేలా, ఐదు నిమిషాలు చెప్పండి. తర్వాత రచ్చకట్ట దగ్గర నలుగురైదుగురు రైతులకు. అది కొంచెం తేలికయ్యాక రైతు సేవా కేంద్రంలో పదిమందికి, ఆపైన 20 మందికి. ప్రతిచోటా అదే విషయం చెప్పండి, కొత్తది ఎత్తుకోకండి. వారంలో రెండు మూడుసార్లు చేయాలి, నెలకోసారైతే ప్రతిసారీ మొదటికొస్తుంది. వెళ్లే ముందు ముక్కుతో నెమ్మదిగా గాలి పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి, రెండు మూడు నిమిషాలు చాలు. పక్కన మంచినీళ్ల సీసా పెట్టుకోండి.

మీకున్న పెద్ద వెసులుబాటు ఏమిటంటే మీది ఉపన్యాసం చెప్పే ఉద్యోగం కాదు, చేసి చూపించే ఉద్యోగం. టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ టబ్బు, అందులో కిలో వలిచిన శనక్కాయ విత్తనం పెట్టండి. ‘అన్నా, పోయినసారి విత్తనానికి మందు పట్టించినోళ్లు ఎంతమంది?’ అని అడగండి. చేతులు లేస్తాయి, ఎవరో ఒకరు ఏదో అంటారు, అందరి చూపూ మీ మొహం మీద నుంచి వాళ్లవైపు, టబ్బువైపు మళ్లుతుంది. మందు ఎంత కలపాలో నాకంటే మీకే బాగా తెలుసు. కాకపోతే ఆ పొడి ఎగిరితే మీకు పిల్లికూతలు వస్తాయి కాబట్టి కలిపే పని గ్లౌజులు, మాస్కు వేసుకున్న రైతు ఒకరికి అప్పజెప్పి మీరు పొడి మీ మీదకు రాకుండా గాలి వచ్చే వైపున కాస్త దూరంలో నిలబడి చెప్పండి. మీరు కూడా మాస్కు దగ్గర పెట్టుకోండి. చీటీ మీద మూడు మాటలు మాత్రమే రాసుకోండి. మధ్యలో మర్చిపోతే కూర్చోవద్దు, చివరగా అన్న మాటే ఇంకోసారి అని ‘ఇంతవరకు ఏమైనా అడిగేదుందా?’ అనండి. మీరు ఆగింది మీకు యుగంలా ఉంటుంది, వాళ్లు ఆ లోపల ఫోన్ చూసుకుంటుంటారు.

ఇలా రెండు మూడు నెలలు చేసినా మార్పు లేకపోయినా, మీటింగ్ ఉందంటే వారం ముందు నుంచే నిద్ర పట్టకపోయినా, ఉద్యోగం మానేద్దామన్నంత అనిపించినా అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో సైకియాట్రీ ఓపీకి వెళ్లండి. దీనికి సీబీటీ అనే మాటల చికిత్స బాగా పనిచేస్తుంది, అవసరమైతే మీ ఆస్తమాను చూసుకుని మందులు రాస్తారు, అవి పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. అంతదూరం వెళ్లలేకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

మీ వ్యవసాయాధికారితో మాట్లాడే చనువుంటే ఈసారి మీటింగ్‌లో మొదటి ఐదు నిమిషాలు మీకే ఇమ్మని అడగండి. వరుసలో కూర్చుని మన వంతు కోసం ఎదురుచూస్తున్న కొద్దీ దడ పెరుగుతుంది, ముందే లేస్తే ఆ బాధ ఉండదు.