పిల్లలను నా దగ్గరే ఉంచుకునే దారి ఉందా?

ప్రశ్న: నా కూతురూ అల్లుడూ ఏడాదిన్నర తేడాతో చనిపోయారు. పదమూడేళ్ల మనవడు, తొమ్మిదేళ్ల మనవరాలు నా దగ్గరే ఉన్నారు. వృద్ధాప్య పింఛను, రెండు మేకలు తప్ప నాకు వేరే ఆధారం లేదు. మనవడు ఆర్నెల్లుగా బడి మానేసి మెకానిక్ షెడ్డులో పనికి పోతున్నాడు, ఎవరితోనూ సరిగా మాట్లాడడం లేదు. ఇద్దరినీ ఆశ్రమంలో చేర్చమని బంధువులు అంటున్నారు. ఆఫీసుల్లో సాయం అడిగితే పిల్లలను తీసుకుపోతారేమోనని భయంగా ఉంది. ఈ ఉత్తరం పక్కింటి అమ్మాయి చేత రాయించాను.
– ఒక అమ్మమ్మ, ఉదయగిరి ప్రాంతం, నెల్లూరు జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ భయం సంగతి. 2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం పిల్లలను సంరక్షణ గృహంలో ఉంచడమన్నది మిగిలిన దారులన్నీ మూసుకుపోయాక ఎంచుకోవలసిన చివరి మార్గం. బంధువులు మీ మంచి కోరే చెప్పి ఉండవచ్చు గానీ, అమ్మానాన్నలను పోగొట్టుకున్న పిల్లలకు ఉన్న ఒక్క ఇంటినీ దూరం చేయడం నాకు సమ్మతం కాదు.

మిషన్ వాత్సల్య పథకం కింద స్పాన్సర్‌షిప్ అనే సాయం ఉంది. తల్లిదండ్రులు లేక బంధువుల ఇళ్లలో పెరుగుతున్న పిల్లలకు, 18 ఏళ్లు నిండే దాకా, ఒక్కొక్కరికి నెలకు 4,000 రూపాయల చొప్పున ఇస్తారు. పల్లెల్లో కుటుంబ వార్షికాదాయం 72,000 రూపాయలకు మించకూడదు. మీ పింఛను నెలకు 4,000 చొప్పున లెక్కగట్టినా ఏడాదికి 48,000 మాత్రమే అవుతుంది. దరఖాస్తును పరిశీలించేది నెల్లూరులోని జిల్లా బాలల పరిరక్షణ విభాగం. అంత దూరం ఊరికే తిరగకుండా, ముందు మీ అంగన్‌వాడీ టీచర్‌నో, సచివాలయంలోని మహిళా పోలీసునో కలవండి. కూతురి, అల్లుడి మరణ ధ్రువపత్రాలు, పిల్లల ఆధార్, రేషన్ కార్డు, ఆదాయ ధ్రువపత్రం, స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు పాసుపుస్తకం సిద్ధం చేసుకోండి. మరణ ధ్రువపత్రాలు లేకపోతే ముందుగా వాటి పనే చూడండి, ఎందుకంటే చాలామంది దరఖాస్తులు ఆగేది అక్కడే. మంజూరుకు కొన్ని నెలలు పట్టవచ్చు. ఎవరూ పలకకపోతే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, డబ్బు ఖర్చు కాదు.

ఇక మనవడి విషయం ఆలస్యం చేయకూడనిది. పిల్లలు బడి మానేస్తే ఈ సాయాన్ని ఆపేసే వీలుంది. పైగా 14 ఏళ్లు నిండని వాడిని షెడ్డులో పనికి పెట్టుకోవడం నేరం, ఆ తప్పు యజమానిదే తప్ప మీ బిడ్డది కాదు. విద్యాహక్కు చట్టం ప్రకారం అతన్ని వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి, టీసీ లేదన్న కారణంతో వెనక్కి పంపకూడదు. ఈ మాట ప్రధానోపాధ్యాయుడితో నిదానంగానే, కానీ గట్టిగా చెప్పండి.

అతని మౌనాన్ని మొండితనం అనుకోకండి. తల్లిదండ్రులిద్దరూ పోయిన దుఃఖం ఆ వయసు మగపిల్లల్లో తరచు ఇలాగే బయటపడుతుంది, సంపాదించాలన్న తొందర కూడా అందులో భాగమే కావచ్చు. మనసు బాధలకు ఫోన్‌లో సలహా ఇచ్చే ప్రభుత్వ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మొదట మీరే చేసి, ఏం అడగాలో తెలుసుకుని, తరువాత అతనికి ఫోన్ ఇవ్వండి. దరఖాస్తు పెట్టాక సిబ్బంది విచారణకు మీ ఇంటికి వస్తారు, పిల్లలతోనూ మాట్లాడతారు. ఆ రోజు అతన్ని ఇంట్లోనే ఉండనివ్వండి, అతని తరఫున మీరు జవాబులు చెప్పకండి.