మగవాడిపై అత్యాచారం జరిగితే రేప్ కేసు అవుతుందా? చిత్తూరు కోర్టులో చూసినంత మేర చెప్తాను

20 ఏళ్ల మీ స్నేహితుడిని ఇంకో మగవాడు బలవంతం చేశాడు, రేప్ కేసు పెట్టొచ్చా అని అడిగారు. నేను చిత్తూరులో ఒక ప్లీడరు గారి దగ్గర గుమాస్తాని. ఉన్నమాట చెప్తున్నా, రేప్ కేసు కాదు. వయసు 18 దాటితే మన చట్టంలో రేప్ బాధితురాలు ఆడమనిషే అయి ఉండాలి. పాత ఐపీసీ 375 లో అంతే, 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63 లోనూ అంతే.

18 లోపైతే దారి వేరు. పోక్సోలో, అంటే పిల్లలపై లైంగిక నేరాల చట్టంలో, అబ్బాయి, అమ్మాయి అని తేడా లేదు. 16 ఏళ్ల లోపు పిల్లవాడి మీద అలాంటి పని చేస్తే కనీసం 20 ఏళ్ల జైలు, ఆపైన 18 లోపైతే కనీసం 10. పిల్లవాడి వాంగ్మూలానికి పోలీసులు యూనిఫాంలో రాకూడదు, పేరు బయటికి పొక్కకూడదు. అందుకే ఇలాంటి మనిషి ఎవరొచ్చినా మేము మొదట అడిగేది టెన్త్ మార్కుల లిస్టు. పుట్టిన తేదీ ఒక నెల అటో ఇటో అయితే కేసు మొత్తం మారిపోతుంది.

పెద్దవాళ్లకు మునుపు ఐపీసీ 377 ఉండేది, అంటే ప్రకృతి విరుద్ధ సంభోగం సెక్షన్. 2018లో సుప్రీం కోర్టు ఇష్టపడి కలిసే పెద్దవాళ్లను అందులోంచి తప్పించింది కానీ, బలవంతం మాత్రం నేరంగానే ఉండింది. యావజ్జీవం దాకా వేయొచ్చు. కొత్త సంహితలో ఆ సెక్షన్ మొత్తం ఎత్తేశారు. బలవంతం వరకైనా ఉంచండని 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం చెప్పినా వినలేదు. ఇంకో విచిత్రం చూడండి. అదే సంహిత 38వ సెక్షన్ ప్రకారం, అలాంటి దాడి నుంచి తప్పించుకోవడానికి ఎదుటివాడి ప్రాణం తీసినా ఆత్మరక్షణే. కానీ దాడి చేసి వెళ్లిపోయినవాడికి ఆ పేరుతో శిక్ష లేదు!

కొత్త చట్టం వచ్చాక మా దగ్గరికి ఒక కుర్రాడు వచ్చాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో సీజన్ పనికి వెళ్లేవాడు. వాళ్ల మామ వెంటబెట్టుకొచ్చి "సూపర్‌వైజర్‌తో ఏదో గొడవ సార్" అన్నాడు. మామను టీ తాగి రమ్మని బయటికి పంపాకే కుర్రాడు నోరు విప్పాడు. అంతకుముందే స్టేషన్‌కి వెళ్తే "మగపిల్లోడివి కదబ్బా, తోసెయ్యలేకపోయినావా?" అన్నారట. బట్టలేమో వాళ్లమ్మ అప్పటికే ఉతికి ఆరేసింది. ఆమెకు సంగతే తెలియదు పాపం.

స్టేషన్‌లో రాయించిన కాగితంలో "కొట్టినాడు" అని మాత్రమే ఉంది. మామూలు దెబ్బల కేసును మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు. మా ప్లీడరు గారు జరిగినదంతా వరసగా చెప్పించుకుంటుంటే, ఆ సూపర్‌వైజర్ గదికి లోపల తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాడన్న మాట బయటపడింది. అక్రమ నిర్బంధం కింద ఎఫ్ఐఆర్ కట్టింది దాని మీదే. దానికి శిక్ష ఏడాది మించదు.

శిక్ష తక్కువన్నది ఒక్కటే అనుకుంటారు గానీ, నాకు ఎక్కువ బాధ అనిపించింది వేరే. రేప్ బాధితురాలి పేరు బయటపెడితే నేరం, ప్రైవేటు ఆసుపత్రి అయినా ఉచితంగా వైద్యం చేయాలి. ఇతనికి ఆ రెండూ చట్టంలో లేవు. పేరు ఫ్యాక్టరీ అంతా తిరిగింది, స్కానింగ్ డబ్బులు మామ కట్టాడు. కేసు ఇంకా వాయిదాల్లోనే ఉంది.

మీ స్నేహితుడి విషయానికొస్తే, తేదీ ముఖ్యం. 2024 జూలై 1కి ముందు జరిగి ఉంటే 377 కిందే కేసు పెట్టొచ్చు. ఆ తర్వాతైతే బట్టలు ఉతకకుండా కాగితం కవర్‌లో పెట్టమనండి, స్నానం చేయకముందే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లి డాక్టరుతో అన్నీ రాయించండి. గాయం వల్ల 15 రోజులు విపరీతమైన నొప్పి పడినా, రోజూ చేసుకునే పనులు చేసుకోలేకపోయినా అది తీవ్రగాయం, 7 ఏళ్ల దాకా పడుతుంది. మాయమాటలు చెప్పి ఎక్కడికైనా తీసుకెళ్లి చేశాడా అన్నది తప్పకుండా అడగండి. సంహితలో ఇలాంటి పని కోసం అపహరించడం మీద ఉన్న 140(4) వర్తిస్తే 10 ఏళ్ల దాకా ఉంది, స్టేషన్‌లో దాన్ని వాళ్లంతట వాళ్లు రాయడం నేను చూడలేదు.

ఎస్ఐ ఫిర్యాదు తీసుకోకపోతే అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి పంపండి, రసీదు పారేయొద్దు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయొచ్చు. ప్లీడరు ఫీజుకు ఇబ్బందైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఎస్సీ, ఎస్టీ లాంటి కొన్ని వర్గాలవాళ్లకైతే ఆదాయంతో పనిలేదు, మిగతావాళ్లకు ఆదాయ పరిమితి చూస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు మీరు పక్కనే ఉండండి, అతను మాట్లాడేటప్పుడు మాత్రం బయటికి వచ్చేయండి.