మాంద్యానికి కారణం న్యూయార్కా? మా నాయనమ్మ కాసులపేరు సంగతి చెప్తాను

"1930ల మహా ఆర్థిక మాంద్యం ఎందుకొచ్చింది? అప్పుడు ప్రభుత్వం ఏం చేసింది?" అని అడిగారు. ఎవరిని అడిగినా 1929 అక్టోబరు, న్యూయార్క్ వాల్ స్ట్రీట్‌లో షేర్లు కూలడం, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటారు. స్కూల్లో మా సోషల్ మాస్టారూ అదే చెప్పారు, ఇప్పటి యూట్యూబ్ కుర్రాళ్లూ అదే చెప్తున్నారు. అది అమెరికా సంగతి. మాకు మాంద్యం వచ్చింది గుడివాడ దగ్గర మా ఊళ్లో, మా ఇంటి అరుగు మీద.

నాకు ఇది తెలిసింది 1991 జులైలో. అప్పటికి బ్యాంకులో క్లర్కుగా చేరి నాలుగేళ్లయింది. ఆదివారం ఊరెళ్తే నాయనమ్మకి పేపరు చదివి వినిపించడం నా పని. ఆ రోజు రిజర్వు బ్యాంకు 47 టన్నుల బంగారాన్ని విమానాల్లో లండన్ పంపిందన్న వార్త చదివాను. దేశం దగ్గర విదేశీ డబ్బు అయిపోయింది, అప్పు కోసం తాకట్టు అని చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తున్న మనిషి చేయి ఆపి, "మళ్లీ లండనుకేనా?" అంది.

మళ్లీ ఏంటి నాయనమ్మా అంటే అప్పుడు చెప్పింది.

ఆవిడ పెళ్లి 1930 మొదట్లో, పదమూడో ఏట. ఏప్రిల్ నుంచి బాల్య వివాహాల్ని ఆపే శారదా చట్టం అమల్లోకొస్తోందని ఆ మాఘంలో ఊరూరా ఒకటే పెళ్లిళ్లు. పుట్టింటివాళ్లు కాసులపేరు పెట్టారు. 1932లో కాపురానికొచ్చేసరికి అత్తగారింట్లో గాదె నిండా ధాన్యం ఉంది, పెట్టెలో రూపాయి లేదు. అంతకుముందు రెండు పుట్లు అమ్మితే వచ్చే డబ్బుకి ఇప్పుడు నాలుగు పుట్లు అమ్మాలి. శిస్తు మాత్రం ఒక్క అణా తగ్గలేదు, ఎందుకంటే అది రూపాయల్లో కట్టాలి, ధాన్యంలో కాదు. పక్కింటివాళ్ల గంగాళం, పాడి గేదె జప్తు చేసి దండోరా వేసి వేలం పెడితే, పాట పాడేవాడే లేడట. పాడటానికి ఎవడి దగ్గరా డబ్బుంటేగా!

అదే సమయానికి బంగారం కొనేవాళ్లు బందరు నుంచి ఊళ్ల మీదికొచ్చారు. మా ముత్తాత కోడల్ని నేరుగా అడగలేదు. వంటింటి గుమ్మం బయట నిలబడి భార్యతో, "అమ్మాయినడుగు" అన్నాడు. ఆయన గొంతు అంత చిన్నగా రావడం ఆవిడ అప్పుడే విన్నదట. అడిగేలోపే తీసిచ్చింది.

అరుగు మీద చాప. చాప మీద చిన్న త్రాసు, గీటురాయి, గురిగింజల సంచి. తలుపు చాటు నుంచి ఈ పదిహేనేళ్ల పిల్ల చూస్తోంది. వచ్చినవాడు కాసులపేరు దారం కత్తిరించాడు. కాసులు ఒక పక్క పోశాడు. వాటి మధ్య గుండ్లున్నాయి చూడండి, వాటిని చిన్న సుత్తితో ఒక్కోటీ చితక్కొట్టాడు. లోపల నల్లటి లక్క. ఆ లక్కకి తరుగు తీస్తానన్నాడు. ముత్తాత తలూపాడు. "అంత లక్క లేదురా అందులో, వాడు ఎక్కువ తీశాడు" అని అరవై ఏళ్ల తర్వాత కూడా నాతో పోట్లాడినట్టే చెప్పింది. బంగారం పోయినందుకు కాదు ఆవిడ బాధ, తరుగు ఎక్కువ పోయినందుకు. బ్యాంకులో బంగారం అప్పుల కౌంటరు దగ్గర నేనూ చూశాను. వడ్డీ రేటు అడగని ఆడవాళ్లు రాళ్ల తరుగు దగ్గర మాత్రం మేనేజరు దాకా వెళ్తారు. నేను ఏనాడూ వాళ్లని విసుక్కోలేదు.

సరే, కారణం. నా లెక్కలో అసలు దొంగ రూపాయి రేటు. 1927లో దొరలు రూపాయికి 18 ఇంగ్లండు పెన్నీలని చట్టం చేసి కూర్చున్నారు. మన వ్యాపారులు 16 చాలని మొత్తుకున్నారు. దాని అర్థం, లోకంలో 16 పెన్నీలు పలికే సరుకిస్తే రావాల్సిన రూపాయి, 18 పెన్నీల సరుకిస్తే గాని రైతు చేతికి రాదు. ఆ రేటు నిలబెట్టడానికి చెలామణీలో ఉన్న డబ్బు బిగించారు. ఇదంతా న్యూయార్క్ కూలకముందే. లోకమంతా ధరలు పడిపోతే మన దగ్గర కాళ్లు కట్టేసినట్టు పడ్డాయి, పైగా రంగూన్ బియ్యం చవగ్గా వచ్చి పడింది. కాలేజీలో ఎకనామిక్స్ చెప్పేవాళ్లు ఇది సగమే అంటారు, అననివ్వండి. 1930 జనవరిలో గాంధీ పెట్టిన పదకొండు కోర్కెల్లో రూపాయిని 16 పెన్నీలకు దించడం ఒకటి, భూమి శిస్తు సగం చెయ్యడం ఒకటి, ఉప్పు పన్ను ఒకటి. మనకి ఉప్పొక్కటే గుర్తుంది.

1931 సెప్టెంబరులో బ్రిటన్ పౌనుకి బంగారంతో ఉన్న ముడి వదిలేసింది. పౌను పడింది, రూపాయి పౌనుకే కట్టేసి ఉంది కాబట్టి రూపాయల్లో బంగారం ధర లేచింది. అందుకే ఆ అరుగు మీదివాడు "మంచి ధర, ఇప్పుడే అమ్ముకోండి" అన్నాడు. అబద్ధం కాదు కూడా. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఓడల కొద్దీ బంగారం లండన్ వెళ్లింది. ఇక్కడి సర్కారు ఏటా అక్కడ కట్టాల్సిన హోమ్ ఛార్జీలకి, అంటే వడ్డీలూ పింఛన్లూ లాంటి ఖర్చులకి, ఇబ్బంది లేకుండా పోయింది. నాయనమ్మకి ఈ లెక్కలేవీ తెలియవు. లండన్ వెళ్తుందని మాత్రం కొన్నవాడే చెప్పాడట.

ప్రభుత్వం ఏం చేసిందంటారా? అమెరికాలో నాలుగింట ఒకడికి పని లేదు, వేల బ్యాంకులు మూతపడ్డాయి. రూజ్‌వెల్ట్ 1933లో వచ్చి డిపాజిట్లకి బీమా పెట్టాడు, కుర్రాళ్లని అడవుల్లో మొక్కలు నాటే పనికి పంపాడు, డాలరుని బంగారం నుంచి తప్పించాడు. మనకేమో 1931లో వైస్రాయి కౌన్సిల్లో ఆర్థిక సభ్యుడు షూస్టర్ ఉన్న పన్నుల మీద 25 శాతం సర్‌ఛార్జీ వేశాడు, ఉప్పుతో సహా. ఉద్యోగుల జీతాల్లో పదో వంతు కోశాడు. జనం దగ్గర డబ్బు లేనప్పుడు పన్ను పెంచడం! మా కృష్ణా, గోదావరి జిల్లాల్లో అయితే రీసెటిల్‌మెంటు, అంటే శిస్తు మళ్లీ లెక్కగట్టడం, పేరుతో రూపాయికి మూడణాలు పెంచబోయారు. రైతులు సంఘాలు పెట్టుకుని అడ్డం తిరిగారు. ఎన్.జి. రంగా లాంటి రైతు నాయకులు పైకొచ్చింది ఆ గొడవల్లోనే.

ఊరట అంటూ వచ్చింది 1938లో, మద్రాసులో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన రుణ విముక్తి చట్టం. 1932 అక్టోబరుకి ముందు అప్పుల మీద మిగిలిన వడ్డీ కొట్టేశారు, అసలుకి రెట్టింపు కట్టేసి ఉంటే అప్పే లేదన్నారు. చాలా మంచి చట్టం. ఆరేళ్లు ఆలస్యం, అంతే. మా ముత్తాత 1934లోనే ఎకరంన్నర పొలం షావుకారుకి రాసిచ్చేశాడు. కొట్టేయడానికి వడ్డీ ఏదీ? పైగా చట్టం వచ్చాక ఆ షావుకారు విత్తనాలకి కూడా చేబదులు ఇవ్వలేదట. బ్యాంకులో నేను చూసిన రుణమాఫీల్లోనూ ఇదే తంతు. వాయిదాలు కరెక్టుగా కట్టినవాడు వెర్రిమొహం వేసుకుని చూడటం, మరుసటేడు కొత్త అప్పు పుట్టకపోవడం. దీని మీద నాకు చాలా కోపం ఉంది, ఇంకోసారి ఎవరైనా అడిగితే రాస్తాను.

1991 విషయానికొస్తే, ఆ ఏడాది చివరికల్లా అప్పు తీర్చి బంగారం విడిపించారు. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు నాయనమ్మకి ఆ మాట చెప్పాను. నమ్మలేదు. "తూకం సరిగ్గా వచ్చిందిరా? లక్క అనీ అదనీ తరుగు తీసుంటారు" అంది. అవి కడ్డీలు నాయనమ్మా, లక్క ఉండదు అన్నాను.

"అయితే నయమే" అని చిక్కుళ్ల చేట ముందుకి లాక్కుంది.