పిన్నిని అడగండి: చంటిబిడ్డ గదిలో కుంపటి పెట్టొచ్చా?

ప్రశ్న: పిన్నిగారూ, మా అమ్మాయి పురిటికొచ్చింది. మనవరాలికి ఇంకా నెల నిండలేదు. ఈ చలికి గదిలో కూర్చోలేకపోతున్నాం. గ్యాసు బుక్ చేసి చాలా రోజులైంది, బండి ఊళ్ళోకే రావడం లేదు. మా అత్తగారేమో కొబ్బరి చిప్పలు కాల్చి, పొగ పోయాక ఆ నిప్పులు కుంపట్లో వేసి, సాంబ్రాణి చల్లి తలుపులు మూసేయమంటున్నారు. నా పురిటికీ, మా ఆడపడుచుల పురుళ్ళకీ పెంకుటింట్లో అలాగే చేశారు. ఇప్పుడు స్లాబు ఇల్లు వేసుకున్నాం. పొగ లేని నిప్పే కదా, ఏమవుతుంది?
– ఒక అమ్మమ్మ, రాజోలు దగ్గర పల్లెటూరు

జవాబు: వద్దమ్మా. ఇప్పటికే పెట్టి ఉంటే ఆ కుంపటి వసారాలోకి తెచ్చేసి, తర్వాత ఇది చదువు.

పొగ పోయిన నిప్పు మంచిదని మన ఇళ్ళలో అందరికీ ఒక నమ్మకం. అసలు భయపడాల్సింది దానికే. ఎర్రగా కణకణలాడే బొగ్గులోంచే కార్బన్ మోనాక్సైడ్ బాగా వస్తుంది. రంగుండదు, వాసనుండదు, దగ్గు కూడా రానివ్వదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వికారం, మత్తు. బాలింతకి ఎలాగూ నిద్ర చాలదు గనక నీరసం అనుకుంటారు. బిడ్డ కదలకుండా ఉంటే హాయిగా పడుకుందని మురిసిపోతారు. గదిలో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి తల నొప్పెట్టి, బయటికొస్తే తగ్గిందంటే అది చలి జబ్బు కాదు. అందరూ గాలిలోకి వచ్చెయ్యండి, 108కి ఫోన్ చెయ్యండి.

మీ అత్తగారు అబద్ధమేమీ చెప్పడం లేదు. ఆవిడ పురుళ్ళు పోసిన ఇంటికి పెంకుల సందులున్నాయి, గోడకీ కప్పుకీ మధ్య ఖాళీ ఉంది, తలుపు కింద పిల్లి దూరేంత జాగా ఉంది. అవే కాపాడాయి. స్లాబు గదికి జారుడు అద్దాల కిటికీలు బిగించాక ఆ దారులన్నీ మూసుకుపోయాయి. ఆవిడకి ఈ మాట నెమ్మదిగా చెప్పు. పెద్దావిడని కాదన్నట్టు ఉండకూడదు, వసారాలో కుంపటి పెత్తనం ఆవిడకే అప్పగించు. బిడ్డ గుడ్డలు అక్కడ వెచ్చబెట్టి ఇస్తారు. సాంబ్రాణి కూడా అక్కడే, బాలింత జుట్టు ఆరడానికి, బిడ్డ దగ్గర లేనప్పుడు.

గది వేడెక్కకపోయినా ఫరవాలేదు, మనిషి వెచ్చగా ఉంటే చాలు. బిడ్డని తల్లి రొమ్ముకి ఒళ్ళు తగిలేలా పడుకోబెట్టుకుని పైన దుప్పటి కప్పమను. తల్లి మెలకువగా ఉన్నంతసేపే సుమా. నెలలు నిండని పిల్లలకి ఆసుపత్రుల్లో చేయించేదీ ఇదే. తలకి టోపీ, కాళ్ళకి మేజోళ్ళు, ముఖం మీద మాత్రం ఏ గుడ్డా వద్దు. స్నానం మధ్యాహ్నం ఎండెక్కాక పొయ్యండి, రోజూ పొయ్యకపోతే కొంపేం మునిగిపోదు, తడిగుడ్డతో తుడిస్తే సరిపోతుంది. అత్తగారు నులకమంచం మీద పడుకుంటారా? పైన ఎన్ని దుప్పట్లు కప్పినా చలి కిందనుంచి ఎక్కుతుంది. ముందు గోనెపట్టా, దాని మీద బొంత వేసి చూడు.

ప్రశ్న: మాకు గ్యాసు బండ నెల తిరక్కుండానే అయిపోతోంది. తర్వాతది ఎప్పుడొస్తుందో తెలీదు. వంట తగ్గించుకోవాలా?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: నీ గ్యాసు తినేస్తున్నది వంట కాదేమో, స్నానాలు. హోమ్‌సైన్సు పాఠం చెప్పినదాన్ని, లెక్క వెయ్యకుండా ఉండలేను. చలికాలం పొద్దున్న డాబా మీది ట్యాంకులో నీళ్ళు 20 డిగ్రీలున్నాయనుకో. 15 లీటర్ల బకెట్టు 42 డిగ్రీలకి రావాలంటే, పొయ్యి చుట్టూ వృథాగా పోయే వేడితో కలిపి, సుమారు 55 గ్రాముల గ్యాసు కాలుతుంది. ఇంట్లో అయిదుగురుంటే నెలకి 8 కిలోల పైమాటే. బండలో ఉండేది 14.2 కిలోలు!

మరి ఏం చెయ్యాలి? ట్యాంకు నీళ్ళు ముట్టుకోకు. పొద్దున్నే మోటారు వేసి బోరులోంచో, చేద వేసి నూతిలోంచో అప్పటికప్పుడు తోడిన నీళ్ళు పట్టు. భూమిలోపలి నీళ్ళు చలికాలంలోనూ 27 డిగ్రీల దాకా ఉంటాయి, అందుకే తెల్లారగట్ల నూతిమీద ఆవిరి కనిపిస్తుంది. అక్కడే మూడోవంతు గ్యాసు మిగిలింది. మీ బోరు ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాదు, అంతే.

దొడ్డి ఉన్నవాళ్ళు అటక మీది రాగి కాగు దించి కొబ్బరి డొక్కలతో ఆరుబయట కాచుకోవచ్చు. డొక్కలు ఎండాలి. మంచుకి తడిసినవి పొగే తప్ప మంటివ్వవు, రాత్రిళ్ళు పట్టా కప్పి ఉంచండి. పీచు మిల్లువాళ్ళకి మొత్తం అమ్మేసి ఇప్పుడు వెతుక్కునేవాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. భోగి లోపల పోగేసుకున్నవాళ్ళు ఒక కన్నేసి ఉంచండి, పిల్లలకి అరుగు మీద దుంగ కనబడితే అది మంటలోకే.

బండ చివరికొచ్చిందని పడుకోబెట్టి వెలిగించడం మాత్రం మానెయ్యి. లోపలి ద్రవం గొట్టంలోకి వస్తుంది.

ప్రశ్న: దాళ్వా (రెండో పంట) వరి నారుమడి ఎర్రబడి ఎదగడం లేదు. చలికేనా?
– ఒక రైతు, మండపేట

జవాబు: ఇది నా శాఖ కాదు నాయనా, మా ఆయన్నడిగి రాస్తున్నాను. చలికి అలా అవుతుందన్నారు. సాయంత్రం మడికి నీళ్ళు పెట్టి, పొద్దున్న చల్లబడ్డ ఆ నీళ్ళు తీసేసి కొత్తవి పెట్టమన్నారు. రాత్రిపూట పాలిథిన్ పట్టా కప్పి, ఎండ రాగానే తియ్యాలట. ఆకు మీద తుప్పు మచ్చలుంటే అది జింకు లోపం, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి కొట్టమన్నారు.