ఫొటో మీద వ్యాసం: మొదటి పేరా గురించి మేనకోడలికి

అనంతపురం

చిరంజీవి మేనకోడలికి మామ ఆశీస్సులు.

అమ్మీ, చరఖా దగ్గర గాంధీ కూర్చున్న ఫొటో మీద రెటారికల్ అనాలిసిస్ (అది చూసేవాళ్లను ఎట్లా నమ్మిస్తుందో విడదీసి చెప్పే వ్యాసం) రాయమన్నారని, మొదటి పేరా కాడే ఆగిపోయినానని రాసినావు. ఫొటోలో ఏముందో చెప్పాలని చూస్తున్నావు, అందుకే కదలడం లేదు. అది చూసేవాళ్ల చేత ఏం నమ్మిస్తోంది, ఎట్లా నమ్మిస్తోంది అన్నది ముందు తేల్చుకోవాల. అది తేలకుండా మొదలుపెడితే ఎవరికైనా "అనాదిగా మానవుడు చిత్రాల ద్వారా భావాలను..." అనే వాక్యమే వస్తుంది. అది ఏ బొమ్మకైనా అతుకుతుంది కాబట్టి నీ బొమ్మకు పనికిరాదు. కొట్టెయ్.

మొదట కత్తిరించని ఫొటో సంపాదించు. నెట్‌లో దొరికేవాటిలో కొన్నిటికి అంచులు కోసేసి ఉంటారు. ఈ ఫొటోకు ప్రాణమే చరఖా ఎక్కడుందన్నది, అంచు పోతే నీ వాదన కూడా పోతుంది. కింద ఉన్న వ్యాఖ్యను చేత్తో మూసి పది నిమిషాలు చూడు. కాగితానికి నడుమ గీత గీసి ఎడమ పక్క కంటికి కనపడేది, కుడి పక్క అది నీలో కలిగించేది రాసుకో. చరఖా మనకు దగ్గరగా, పెద్దగా ఉంది. మనిషి దాని వెనక నేలమీద ఉన్నాడు. ఆయన నూలు వడకడం లేదు, కాగితాలు చదువుతున్నాడు. చూపు మనవైపు లేదు. ఎడమ పక్క రాయకుండా కుడి పక్కకు దూకితే "ఎంత ప్రశాంతంగా ఉన్నాడో" లాంటి ఆధారం లేని మాటలే మిగులుతాయి.

ఇప్పుడు పేరా చివరి వాక్యం, అంటే వ్యాసం మొత్తం నిలబెట్టాల్సిన వాదన చెప్పే థీసిస్, ముందు రాయి. ఫొటో తీసిన బర్క్-వైట్ గురించి చాలామంది ఇట్లా రాస్తారు: "బర్క్-వైట్ ఈథోస్, పేథోస్, లోగోస్ ఉపయోగించి గాంధీ గొప్పతనాన్ని చూపించింది." ఆ మూడు పేర్లు (చెప్పేవాళ్ల మీద నమ్మకం, భావోద్వేగం, తర్కం) సబ్బు ప్రకటనకైనా సరిపోతాయి. ఏ గొప్పతనం? ఎవరికి చూపించింది? దీన్ని ఇట్లా మార్చి చూడు: "చరఖాను ముందుకు, మనిషిని దాని వెనక్కు ఉంచి, చదువులో మునిగిన ఆయన చూపును మనకు అందకుండా చేసి, బర్క్-వైట్ గాంధీని తనకన్నా తన పనినే ముందుపెట్టిన మనిషిగా అమెరికా పాఠకుడి చేత నమ్మిస్తుంది." ఇందులో ఎవరు, ఎవరికి, దేనితో, ఏం చేశారు అన్నీ ఉన్నాయి. వస్తువు ఉన్న చోటు మీద ఒక పేరా, చూపు మీద ఒక పేరా వాటంతట అవే పుడతాయి.

థీసిస్ పైన సందర్భం రావాల. ఫొటో తీసింది మార్గరెట్ బర్క్-వైట్, 1946లో, పుణేలో, లైఫ్ అనే అమెరికా పత్రిక కోసం. 1948 జనవరి 30న గాంధీ హత్య జరిగినాక అదే పత్రిక నివాళిగా దీన్ని వేసింది. 1946లో చూసినవాడికి ఆయన బతికున్న నాయకుడు. 1948లో చూసినవాడికి తిప్పే చేయి లేని చరఖా. ఈ రెండింట్లో ఏ పాఠకుడి గురించి రాస్తున్నావో ఒకటే ఎంచుకో, రెండూ పట్టుకుంటే థీసిస్ రెండుగా చీలుతుంది. 1930 దండి యాత్ర, 1942 క్విట్ ఇండియా అన్నీ ఎక్కించబాక. అవి గాంధీ చరిత్ర. నీకు కావాల్సింది ఫొటో తీసినామె ఉద్దేశం, వేసిన పత్రిక ఉద్దేశం. ఖద్దరు మంచిదా కాదా అన్న నీ అభిప్రాయానికి కూడా ఇక్కడ చోటు లేదు.

సందర్భం ఎంత రాయాలో చదివేవాళ్లను బట్టి ఉంటుంది. ఎండిన శనక్కాయల చేన్లో రైతు నొసట చేయి అడ్డం పెట్టుకుని ఆకాశం చూసే ఫొటో ఉందనుకో. అనంతపురంలో వర్షపాతం గురించి మనోళ్లకు చెప్పే పనిలేదు. బయటివాళ్లకైతే ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లే అని ఒక్క వాక్యం కావాల. అదే ఫొటో జిల్లా పేపర్లో వస్తే ప్రభుత్వాన్ని అడుగుతుంది, డ్రిప్ పైపుల హోర్డింగ్ మీదుంటే రైతు చేత కొనిపిస్తుంది. ఫొటో మారలేదు, థీసిస్ మొత్తం మారిపోయింది. అందుకే ఎక్కడ అచ్చయిందో రాయకుండా ఏ పరిచయమూ నిలబడదు.

వెయ్యి పదాల వ్యాసానికి ఈ పేరా 120 నుంచి 150 పదాలు, ఆరేడు వాక్యాలు చాలు. మొదటి వాక్యం ఎడమ పక్క జాబితాలోంచి తీసుకో: వడకని మనిషి ముందర అంత పెద్ద చరఖా ఉండటం మంచి మొదలు. తర్వాత రెండు వాక్యాలు సందర్భం, రెండు వాక్యాలు వర్ణన, ఆఖరున థీసిస్. వర్ణన రెండు వాక్యాలు దాటితే తక్కినది లోపలి పేరాలకు పంపు. "ఈ వ్యాసంలో నేను చర్చించబోయేది" అని మాత్రం రాయబాక.

రాసినాక ఫొటో చూడనివాళ్లకు చదివి వినిపించు. అందులో ఏది ముందుంది, ఏది వెనకుంది అని అడుగు. వాళ్లు తప్పు చెబితే వర్ణన సరిదిద్దు. థీసిస్ రెండు రకాలుగా రాసి పేరాతో పాటు నాకు పంపు, ఏది నిలబడుతుందో చూసి చెప్తా.

ఇట్లు,
మామ