సీరియళ్లలో వర్గం, రాజకీయం మీద పరిశోధన చేస్తానంటే...

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. టీవీ సీరియళ్లు చూస్తున్నప్పుడు నా దృష్టి కథ మీద కంటే వేరే వాటి మీద పడుతుంటుంది. డబ్బున్నవాళ్ల ఇంటిని ఎలా చూపిస్తున్నారు, పనివాళ్లకు డైలాగులు ఎందుకంత తక్కువ, రాజకీయాల గురించి ఎవరి నోట ఏం పలికిస్తున్నారు అని గమనిస్తుంటాను. పీజీలోనూ ఆ తర్వాతా దీనిమీదే పనిచేయాలని ఉంది. ‘సీరియళ్లు చూడటానికి కూడా చదువు కావాలా?’ అంటున్నారు ఇంట్లో. ఏ సబ్జెక్టు తీసుకోవాలి? ఉద్యోగాలు ఉంటాయా?

జవాబు: మీ ఇంట్లోవాళ్ల ప్రశ్నతోనే మొదలుపెడతాను. రేపు ప్రవేశాల ఇంటర్వ్యూలోనూ ఎవరో ఒకరు అదే అడుగుతారు కాబట్టి జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉండాలి.

1966లో బీబీసీ ‘క్యాథీ కమ్ హోమ్’ అనే టీవీ నాటకం ప్రసారం చేసింది. ఉండటానికి ఇల్లు దొరక్క ఒక చిన్న కుటుంబం చెల్లాచెదురైపోయే కథ. అది చూశాక బ్రిటన్‌లో ఇళ్లు లేనివాళ్ల గురించి పెద్ద చర్చే నడిచింది. 1970ల్లో మెక్సికోలో మిగెల్ సబీడో అనే టీవీ దర్శకుడు వయోజన విద్య కోసం ఏకంగా ఒక సీరియలే తీశాడు. ఆ పద్ధతి స్ఫూర్తితోనే 1984లో దూరదర్శన్ ‘హమ్ లోగ్’ను మొదలుపెట్టింది. ప్రభుత్వాలూ ప్రసార సంస్థలూ ఇంతగా పట్టించుకున్నదాన్ని చదవడం కాలక్షేపం ఎలా అవుతుంది?

ఇక మీ విషయానికి వస్తాను. ఈ రంగంలోకి రావాలనుకునేవాళ్ల దరఖాస్తులు చాలా చదివాను. ఎక్కువమంది తీర్పు ముందే రాసేస్తారు: ‘సీరియళ్లు ధనికుల భావజాలాన్ని ప్రజల మీద రుద్దుతున్నాయి’ అని. అది నిజమే కావచ్చు. కానీ జవాబు ముందే తెలిసిపోతే ఇక పరిశోధించడానికి ఏం మిగిలింది? 1971లో అమెరికాలో మొదలైన ‘ఆల్ ఇన్ ద ఫ్యామిలీ’ అనే కామెడీ సీరియల్ సంగతి చూడండి. అందులో ఆర్చీ బంకర్ అనే శ్రామిక వర్గపు తండ్రి నోటికొచ్చినట్టు జాతి వివక్ష మాటలు మాట్లాడుతుంటాడు. ఆ మూఢత్వాన్ని చూసి జనం నవ్వాలని నిర్మాత నార్మన్ లియర్ ఉద్దేశం. 1974లో విడ్మార్, రోకీచ్ అనే ఇద్దరు పరిశోధకులు ప్రేక్షకులనే అడిగి చూశారు. అలాంటి వివక్ష తమలోనూ బలంగా ఉన్నవాళ్లు ఆర్చీనే మెచ్చుకుంటున్నారని తేలింది. సీరియల్ ఒక్కటే, అర్థాలు రెండు. స్క్రిప్ట్ ఒక్కటే చదివి ఊరుకుంటే ఈ సంగతి ఎప్పటికీ బయటపడేది కాదు.

అందుకే ఏ సబ్జెక్టు అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. మీ కుతూహలం ఎక్కడుందో ముందు తేల్చుకోండి: తెర మీదా, తెర వెనకా, తెర ముందు కూర్చున్నవాళ్లలోనా?

తెర మీదే అయితే సాహిత్యం, మీడియా స్టడీస్ సరిపోతాయి. కాకపోతే చూసే కన్ను పదునెక్కాలి. వర్గం అంటే బంగళా, గుడిసె మాత్రమే కాదు. ‘మా బిజినెస్’ అని పదేపదే చెప్పుకునే కుటుంబం అసలు ఏం తయారుచేస్తుందో, ఎవరి చేత చేయిస్తుందో మీరు ఎన్నిసార్లు చూశారు? ఆ ఇంట్లో పనిచేసేవాళ్ల జీతం మాట ఎప్పుడైనా వినిపించిందా? వాళ్లకొక ఇల్లు, పిల్లలు, సొంత కథ ఉన్నాయా, లేక కబురు మోసుకురావడానికే గదిలోకి వస్తారా? రాజకీయం సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. పాత్రలు చెప్పే నినాదాల దగ్గర ఆగిపోకండి, కష్టం ఎలా తీరిందో చూడండి. పేదింటి అమ్మాయి కష్టం పెద్దింటి సంబంధంతోనో, మంచి మనసున్న యజమాని చలవతోనో తీరితే, నలుగురూ కలిసి అడిగితే తీరే అవకాశమే ఆ కథాలోకంలో లేకపోతే, అది భావజాలమే. ఒక్క చెడ్డ నాయకుడు జైలుకు పోగానే అంతా బాగుపడినట్టు కథ ముగిసినా అంతే.

తెర వెనక అయితే ప్రశ్న మారుతుంది. పెద్ద హాలు సెట్ ఒక్కటి వేస్తే వందల ఎపిసోడ్లు అక్కడే తీయొచ్చు, పాత్రలన్నిటినీ ఒకేచోట నిలబెట్టొచ్చు. సంపన్నుల ఇల్లు తెర మీద అన్నిసార్లు కనిపించడానికి రచయిత మొగ్గు ఎంత కారణమో, ఈ ఖర్చు లెక్క కూడా అంతే కారణం కావచ్చు. దానికి తోడు ప్రకటనదారులు ఉంటారు. అసలు ‘సోప్ ఒపెరా’ అనే పేరే రేడియో కాలంలో సబ్బుల కంపెనీల స్పాన్సర్‌షిప్ వల్ల వచ్చింది. ఈ వైపు వెళ్లాలంటే మీడియా అర్థశాస్త్రం తెలియాలి, రచయితలతో, దర్శకులతో మాట్లాడగలగాలి. చేసేవాళ్లు తక్కువ కాబట్టి నా ఓటు ఇటువైపే.

మూడోది ప్రేక్షకులు. దీనికి సోషియాలజీ, ఆంత్రోపాలజీ దారులు. లీలా అబూ లుఘోద్ అనే ఆంత్రోపాలజిస్టు ఈజిప్టు సీరియళ్ల మీద చేసిన పని మీలాంటివాళ్లు తప్పక తెలుసుకోవాలి. నగరాల్లోని చదువుకున్న రచయితలు ప్రజలను ‘బాగుచేయాలని’ సీరియళ్లు రాస్తుంటే, ఎగువ ఈజిప్టు (దేశపు దక్షిణ భాగం) పల్లెల్లోని ఆడవాళ్లూ కైరోలో ఇళ్లలో పనిచేసేవాళ్లూ వాటిని తమ బతుకులకు అన్వయించుకుంటూ ఎలా చూశారో ఆమె దగ్గరుండి గమనించారు. ఇయెన్ ఆంగ్ అనే మీడియా పరిశోధకురాలు అయితే నెదర్లాండ్స్‌లో ఒక మహిళల పత్రికలో చిన్న ప్రకటన ఇచ్చి, ‘డల్లాస్’ అనే అమెరికన్ సీరియల్ గురించి మీకేమనిపిస్తుందో రాయమని అడిగారు. వచ్చినవి 42 ఉత్తరాలు. వాటి ఆధారంగా ఆమె రాసిన పుస్తకాన్ని ఈ రంగంలో ఇప్పటికీ చదువుతారు. పెద్ద నిధులు, పెద్ద బృందం లేవని మీరు వెనకాడకూడదనే ఇది చెబుతున్నాను.

ప్రేక్షకులను చిన్నచూపు చూస్తే మాత్రం ఈ దారిలో అడుగు పడదు. సీరియల్ చూసి కళ్లు తుడుచుకునే మనిషి మోసపోతున్న మనిషేనని అనుకుంటే, ఆమె చెప్పేది మీ చెవికి ఎక్కదు.

ఎక్కడ చేరాలన్నది చివరికి గైడ్‌ను బట్టి తేల్చుకోండి. సంస్థ పేరు కంటే టీవీ మీద ఇప్పటికే పనిచేసినవాళ్లు ఆ విభాగంలో ఉన్నారా అన్నది చూడండి. పాత సీరియళ్లు తీసుకోవాలనుకుంటే ఎపిసోడ్లు దొరుకుతాయో లేదో ముందే వాకబు చేయండి. 1960, 70ల్లో బీబీసీయే ఎన్నో కార్యక్రమాల టేపులను చెరిపేసి మళ్లీ వాడుకుంది. అంశం ఖరారయ్యాక ఎపిసోడ్లు దొరక్కపోతే ఏడాది వృథా.

ఉద్యోగాల విషయంలో ఉన్నదున్నట్టు చెబుతాను. ఈ చదువు పేరుతో నేరుగా ఉద్యోగ ప్రకటన పడదు. విశ్వవిద్యాలయంలో బోధించాలనుకునేవాళ్లు ఎక్కువగా పీహెచ్‌డీ చేస్తారు. దానికి ఏళ్లు పడుతుంది, ఆ తర్వాతా శాశ్వత పోస్టు ఖాయం కాదు. అది ఒక్కటే నమ్ముకోవద్దు. ఛానళ్లు, ఓటీటీ సంస్థల్లో ప్రేక్షకుల పరిశోధన విభాగాలుంటాయి. కథా విభాగాల్లో స్క్రిప్టులు చదివి అభిప్రాయం చెప్పేవాళ్లు కావాలి. ఆరోగ్యం, విద్య మీద కార్యక్రమాలు తీయించే స్వచ్ఛంద సంస్థలకు వాటి ఫలితాన్ని కొలిచేవాళ్లు కావాలి. విమర్శ రాయడం ఉండనే ఉంది. వీటిలో చాలావాటికి పనికొచ్చేవి రెండు నైపుణ్యాలు: మనుషులతో ఇంటర్వ్యూ చేయడం, గణాంకాలు చదవడం. రెండోదంటే భయపడి తప్పించుకునేవాళ్లు ఎక్కువ. మీరు ఆ పని చేయకండి, పీజీ మొదటి ఏడాదిలోనే నేర్చుకోండి.

దరఖాస్తుకు ముందు ఒక చిన్న పని చేయండి. ఏదైనా ఒక సీరియల్‌లో వరసగా 20 ఎపిసోడ్లు తీసుకుని పట్టిక వేయండి. ప్రతి సన్నివేశం ఎక్కడ జరిగింది, ఎవరు ఎంతసేపు మాట్లాడారు, వాళ్లు చేసే పనేమిటి, పేదా, మధ్యతరగతా, సంపన్నులా, ఎవరు ఎవరిని ‘మీరు’ అన్నారు, ఎవరు ‘నువ్వు’ అన్నారు, కష్టాన్ని ఎవరు తీర్చారు అన్నవి రాయండి. తర్వాత అందులో ఐదు ఎపిసోడ్లను మీ పట్టిక చూపించకుండా ఒక స్నేహితురాలికిచ్చి అలాగే నింపమనండి. ఇద్దరి గళ్లు ఎక్కడ తేడా వస్తాయో అక్కడ ‘పేద’, ‘మధ్యతరగతి’ అనే మాటలకు మీ నిర్వచనం స్పష్టంగా లేదన్నమాట. దాన్ని సరిచేసి మళ్లీ నింపండి. ఈ పట్టికను దరఖాస్తుకు జతచేస్తే మీ ఆసక్తి గురించి వేరే చెప్పుకోనక్కర్లేదు.

వద్దంటున్న ఇంట్లోవాళ్లతో వాదన పెట్టుకోవద్దు. వాళ్లతో కలిసి ఒక ఎపిసోడ్ చూడండి. అయిపోయాక ‘కథేంటి?’ అని ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు నోట్‌బుక్‌లో రాసుకోండి. మధ్యలో సరిదిద్దకండి. తర్వాత ఆ పేజీలన్నీ వాళ్ల ముందే పక్కపక్కన పెట్టి చదవండి.