ఆ పూలు ఎవరు తెచ్చారు?

కడప నుంచి ఒక టీచరమ్మ రాసిన ఉత్తరం సారాంశం ఇది. పెళ్లయి ఏడేళ్లు. భర్త తాగడు, కొట్టడు. అలాగని పలకరించడు కూడా. జ్వరంతో మూడు రోజులు పడుకున్నా 'ఎట్లుంది' అని అడగలేదు. ఆమె జీతం పడే ఏటీఎం కార్డు ఆయన దగ్గరే ఉంటుంది. బడికి పోయే బస్సులో రోజూ అమెరికా గాయని మైలీ సైరస్ పాడిన 'ఫ్లవర్స్' (పూలు) పాట పదేపదే వింటోంది. "ఈ ఇంగ్లిష్ పాటలతోనే నీ బుర్ర చెడుతోంది అంటుంది మా అత్త. నా కాపురం నేనే పాడుచేసుకుంటున్నానా? వినడం మానేయాలా?" అని అడిగింది.

వినమ్మా. ఎన్నిసార్లు వినబుద్ధయితే అన్నిసార్లు విను. పాట విని చెడిన కాపురం నేను ఒక్కటీ చూడలేదు. నీ ప్రశ్నకు ఇంతకు మించి జవాబు అక్కర్లేదు.

నన్ను పట్టి నిలిపింది నీ ఉత్తరం చివర్లోని నాలుగు మాటలు. పోయిన శుక్రవారం బస్సు చార్జీల్లో మిగిల్చిన డబ్బుతో రెండు మూరల కనకాంబరాలు కొని జడలో పెట్టుకున్నావు. రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. పూలు చూసి ముఖం ఇంత చేసుకుని "మీ ఆయన తెచ్చినాడా?" అంది. నువ్వు "ఊఁ" అన్నావు. ఫోన్ పెట్టేసి, పూలు తీసి దేవుడి పటానికి వేసి, వంటింట్లో కూర్చుని ఏడ్చావు.

తల్లీ, నీ కష్టం ఆ "ఊఁ" దగ్గరుంది.

పెళ్లయిన ఏడాదికి నువ్వు ప్రొద్దుటూరు పోయి "నాకు ఆడ బాగలేదమ్మా" అంటే, "సర్దుకోని పో, నలుగురిలో మా తల దించొద్దు" అని మర్నాడే బస్సెక్కించింది మీ అమ్మ. ఆ రోజు నుంచి ఆమెకు నిజం చెప్పడం మానేశావు. పండక్కి నువ్వే కొనుక్కున్న చీర ఆయన కొన్నాడంటావు. ఆయన రాకపోతే ఆఫీసులో పనంటావు. లేని మంచి మొగుణ్ణి ఒకణ్ణి ఆరేళ్లుగా తయారుచేసి మీ అమ్మకు చూపిస్తున్నావు. ఒక్కదానివే ఇద్దరి కాపురం చేస్తుంటే అలసట రాక ఏమవుతుంది?

నీ ఉత్తరం వచ్చాక ఆ పాట నేనూ విన్నాను. భర్తతో విడాకులయ్యాక 2023లో ఆ గాయని విడుదల చేసిన పాట. మరుసటి ఏడాది దానికి గ్రామీ సంగీత అవార్డు కూడా వచ్చింది. విడిపోవాలని లేదు, ఏడుపూ వచ్చింది, అంతలో నా పూలు నేనే కొనుక్కోగలను కదా అని గుర్తొస్తుంది ఆమెకు. మంచి మాట. అయితే ఆ పాటలో ఉన్నది ఇద్దరే. అమ్మ లేదు, అత్త లేదు, 'నలుగురు' అసలే లేరు. అందుకే పూలు కొనడం దాకా అది నీకు తోడొచ్చింది. "ఎవరు తెచ్చినారు?" అన్న దగ్గర నువ్వు ఒంటరిదానివైపోయావు.

మన పెద్దవాళ్లు ఒక మాట అంటారు, నీకూ తెలిసే ఉంటుంది. పెళ్లితో వచ్చేవి తాళి, మెట్టెలు. బొట్టూ పూలూ గాజులూ పుట్టింటివే. నీ జడలో మొదట పూలు పెట్టింది మీ ఆయన కాదు, మీ అమ్మ. ఆ పూల గురించే ఆమెతో అబద్ధం ఆడాల్సి వచ్చింది. నాకూ పెళ్లయిన కూతురుంది. నా సంతోషం కోసం అది నాకు ఇలాంటి అబద్ధం చెబుతోందని తెలిస్తే నాకు అన్నం దిగదు. మీ అమ్మకు దిగుతుందని నేననుకోను. పరువు పట్టుకుని కూర్చున్న తల్లి కూడా తల్లే. కానీ ఆమెకు తెలియాలి కదా.

ఆయనతో ఉండాలా, విడిపోవాలా అన్నది ఇప్పుడే తేల్చుకోనక్కర్లేదు. కార్డు మాత్రం ఈ నెలే తీసుకో. ఇవ్వనంటే బ్యాంకుకు పోయి దాన్ని ఆపించి కొత్తది తెచ్చుకో. కష్టపడింది నువ్వు, అడుక్కోవడమేంటి? కొట్టకపోతే హింస కాదని ఎవరైనా అంటే నమ్మకు. 2005 నాటి గృహ హింస చట్టంలో మనసును హింసించడం, డబ్బు చేతికి అందకుండా చేయడం కూడా ఉన్నాయి. ఆదాయం ఎంతన్నది చూడకుండా ఆడవాళ్లకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. 15100కు ఫోన్ చేస్తే చెబుతారు. మహిళా హెల్ప్‌లైన్ 181. ఈ రెండు నంబర్లూ రాసిపెట్టుకో.

ఈ ఆదివారం ఒక్కదానివే ప్రొద్దుటూరు బస్సెక్కు. దిగగానే నాలుగు మూరలు కొను, నీకు రెండు, అమ్మకు రెండు. ఆమె జడలో నువ్వే పెట్టు. "ఇవి నేనే కొన్నానమ్మా, ఆ శుక్రవారంవి కూడా" అని చెప్పు. తర్వాత ఆమె తిడుతుందో, ఏడుస్తుందో, మళ్లీ సర్దుకోమంటుందో. ఏమన్నా సాయంత్రం బస్సుకే తిరిగి రావొద్దు. ఆ రాత్రి అమ్మ పక్కనే పడుకో. అన్నీ చెప్పు.

ఆమె ఏమందో నాకు రాయి.